ఐదో నంబరు సీటులో ఎవరున్నారు?

ముందే ఒక మాట. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం. తెలుగులో చివరిసారి నాలుగు పేజీలు రాసింది టెన్త్ పబ్లిక్ పరీక్షలో. "మీ బ్రాంచిలో నేర్చుకున్నది ఏదైనా తెలుగులో రాయండి" అని క్లబ్ గ్రూపులో మెసేజ్ పెట్టినప్పుడు డేటా స్ట్రక్చర్స్ మీద రాద్దామనుకున్నాను. రెండు పేరాలు రాసి చదివితే నాకే నిద్రొచ్చింది. అందుకని దసరా సెలవుల్లో మా ఇంట్లో నిజంగా నేర్చుకున్నది రాస్తున్నాను. వైఫై ప్రింటర్ "ఆఫ్‌లైన్" అని మొండికేస్తే తప్పు ఎక్కడుందో ఎలా వెతకాలి అన్నది విషయం. మాటలు దొరకని చోట అమ్మకి ఫోన్ చేసి అడిగాను. ఈ వ్యాసంలో ఎలాగూ సగం ఆమెదే.

మాది తెనాలి. అమ్మ ఇంట్లోనే ట్యూషన్ చెబుతుంది. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు మొత్తం 22 మంది. లెక్కలు, సైన్సు. ప్రతి శనివారం పరీక్ష ఉంటుంది, మూడు తరగతులకి మూడు పేపర్లు. ఇదివరకు అన్నీ చేత్తోనే రాసేది. కుడి మణికట్టు నొప్పి మొదలయ్యాక డాక్టరు రాత తగ్గించమన్నారు. అప్పుడు ట్యూషన్ డబ్బులతో ఒక ఇంక్ ట్యాంక్ ప్రింటర్ కొనుక్కుంది. నా పాత లాప్‌టాప్ తీసుకుని టైపింగ్ కూడా నేర్చుకుంది. రెండు వేళ్లతోనే, కానీ నాకంటే తప్పులు తక్కువ.

జూలైలో ఇంటికి కొత్త ఫైబర్ కనెక్షన్, దానితో కొత్త రౌటర్ వచ్చాయి. ప్రింటర్‌ని దానికి కలిపింది నేనే. కాలేజీ తెరిచే ముందు రోజు హడావిడిగా చేశాను. లాప్‌టాప్ ప్రింటర్‌ని దానంతటది వెతుక్కోలేకపోతే, ప్రింటర్ అడ్రస్ 192.168.1.5 అని చూసి, ఆ అడ్రస్ నేరుగా టైపు చేసి యాడ్ చేశాను. ఒక పేజీ ప్రింట్ వచ్చింది. "చూశావా, రెండు నిమిషాల పని" అన్నాను. ఈ వాక్యం గుర్తుపెట్టుకోండి.

ఆగస్టు నుంచి ఫోన్లు మొదలయ్యాయి. "ప్రింటు రావట్లేదే, ఆఫ్‌లైన్ అంటోంది." నా జవాబు ఎప్పుడూ ఒకటే: "రీస్టార్ట్ చెయ్యమ్మా." ప్రింటర్ ఆపి వెయ్యి, రౌటర్ ఆపి వెయ్యి, లాప్‌టాప్ ఆపి వెయ్యి. ఒక్కోసారి వచ్చేది, ఒక్కోసారి వచ్చేది కాదు. వచ్చినప్పుడల్లా నా వైద్యం మీద నాకు నమ్మకం పెరిగేది. ఒకసారి అమ్మ "కరెంటు పోయొచ్చినప్పుడల్లా ఇదే గొడవ" అంది. "దానికీ దీనికీ సంబంధం లేదమ్మా" అన్నాను. ఇంకోసారి "తమ్ముడు వాడి ఫోన్ నుంచి ఏదో ఫొటో కొడితే మాత్రం వచ్చింది" అంది. "అయితే లాప్‌టాప్ పాడైపోయుంటుంది, వచ్చాక చూస్తా" అన్నాను. ల్యాబ్ ఇంటర్నల్ ఉంది, నిజంగానే టైం లేదు. అయినా అది జవాబు కాదు. వినాయక చవితి తర్వాత ఫోన్లు ఆగిపోయాయి. సమస్య తీరిపోయిందనుకున్నాను.

దసరా సెలవులకి ఇంటికి చేరేసరికి రాత్రి పది దాటింది. అమ్మ డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని ఉంది, మణికట్టుకి క్రేప్ బ్యాండేజీ. ఎదురుగా లాప్‌టాప్ తెరిచి, అందులో టైపు చేసిన ప్రశ్నపత్రాన్ని చూసి తెల్ల కాగితం మీద చేత్తో ఎక్కిస్తోంది. అది అయ్యాక ప్రింటర్ మూత ఎత్తి, కాగితాన్ని అద్దం మీద బోర్లా పెట్టి కాపీలు తీస్తుందట. కాపీ మాత్రం బాగానే వస్తోంది. అంటే మూడు వారాలుగా లాప్‌టాప్‌కీ ప్రింటర్‌కీ మధ్య కేబుల్ మా అమ్మే.

"చెప్పలేదేం?" అన్నాను.

"చెప్తే రీస్టార్ట్ చెయ్యమంటావుగా" అంది.

అదేమీ కోపంగా అనలేదు. అందుకే ఇంకా గుచ్చుకుంది.

ఆ రాత్రి మొదటి గంటసేపు నేను చేసిందంతా తప్పే. మూడింటినీ రీస్టార్ట్ చేశాను. ఫైర్‌వాల్ ఆపి చూశాను. డ్రైవర్ అప్‌డేట్ పెట్టాను. అమ్మ పక్కన కూర్చుని కాసేపు చూసి, "నాకు ఫోన్లో చెప్పినవే కదే నువ్వూ చేస్తున్నావు" అంది. ఇక ప్రింటర్‌ని లాప్‌టాప్ నుంచి పూర్తిగా తీసేసి మళ్లీ మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేద్దామని, దానికి ముందు పాత జాబ్‌లు ఏమైనా ఇరుక్కున్నాయేమో అని ప్రింట్ క్యూ తెరిచాను.

క్యూ అంటే తెలుసుగా, మనం ప్రింట్ నొక్కగానే పత్రం నేరుగా ప్రింటర్‌కి పోదు. స్పూలర్ అనే ప్రోగ్రాం దాన్ని డిస్క్ మీద ఒక ఫోల్డర్‌లో దాచి, వరసలో నిలబెట్టి, ప్రింటర్ సిద్ధంగా ఉన్నప్పుడు పంపిస్తుంది. లాప్‌టాప్ ఆపి వేసినా ఆ వరస పోదు. ప్రతి పత్రం పక్కన అది ఎప్పుడు వచ్చిందో తేదీ, టైం ఉంటాయి. అమ్మ క్యూలో 31 పత్రాలున్నాయి. ఏడో తరగతి భిన్నాలు, రాత్రి 10:52. మళ్లీ అదే, 10:58. మళ్లీ అదే, మర్నాడు తెల్లవారుజామున 5:10. ఆరో తరగతి, 11:20. ప్రతి శుక్రవారం రాత్రీ మూడు నాలుగు సార్లు, ప్రతి శనివారం పొద్దున్నే ఇంకో రెండుసార్లు. నాకు ఫోన్ చెయ్యకుండా ఆమె చేసిన ప్రయత్నాలన్నీ వరసగా కనిపిస్తున్నాయి. రిమూవ్ అని నొక్కితే అవీ పోతాయి. నొక్కలేదు. నోట్‌బుక్ తెచ్చుకుని, "మొదట్నుంచి చెప్పమ్మా" అన్నాను.

ఇక్కడి నుంచి పాఠం.

"ఆఫ్‌లైన్" అనే మాట నిజానికి ఒక జబ్బు పేరు కాదు. జ్వరం లాంటిది. కాగితం దగ్గర నుంచి లాప్‌టాప్ దాకా దారిలో నాలుగు చోట్ల ఎక్కడ తెగినా విండోస్ అదే మాట చూపిస్తుంది. ఒకటి ప్రింటర్ తనకు తాను బాగుందా అన్నది. రెండు, ప్రింటర్ రౌటర్‌తో మాట్లాడుతోందా. మూడు, లాప్‌టాప్ అదే రౌటర్ ద్వారా ఆ ప్రింటర్‌ని చేరుతోందా. నాలుగు, లాప్‌టాప్ లోపల స్పూలర్, డ్రైవర్, పోర్ట్ సరిగా ఉన్నాయా. రీస్టార్ట్ అంటే ఈ నాలుగింటినీ ఒకేసారి కదపడం. ఒకవేళ బాగైనా ఏది చెడిందో మనకి తెలీదు. వచ్చే వారం మళ్లీ చెడుతుంది.

మొదటిది తేల్చడం సులువు. కాపీ వస్తోందంటే ఇంకు, కాగితం, హెడ్, మోటారు అన్నీ బాగున్నట్టే. నెట్‌వర్క్ అవసరం లేని పని ఏదైనా చేయించి చూడాలి, అంతే. అమ్మ మూడు వారాలుగా రోజూ చేస్తున్నది ఈ పరీక్షే.

రెండోదానికి ప్రింటర్ మీద వైఫై లైటు చూడాలి. చాలా మోడళ్లలో లైటు నిలకడగా వెలిగితే రౌటర్‌కి కలిసి ఉన్నట్టు, మిణుకుమిణుకుమంటే వెతుక్కుంటున్నట్టు. మాది నిలకడగానే ఉంది. లైటు మిణుకుమంటుంటే మాత్రం ఆ లింకు దగ్గరే ఆగి చూసుకోవాలి. ఎక్కువగా దొరికే కారణం, ఇళ్లలో వాడే ప్రింటర్లు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌నే వినగలవు, 5 గిగాహెర్ట్జ్ వాటికి వినపడదు. కొత్త రౌటర్లు రెండింటికీ ఒకే పేరు పెట్టేస్తాయి కాబట్టి సెటప్ సమయంలో ఫోన్ 5 మీద ఉండి, ప్రింటర్ యాప్ తికమక పడుతుంది. మా గుంటూరు ఫ్రెండ్ ఇంట్లో ఇదే అయింది. రౌటర్ సెట్టింగ్స్‌లో 2.4కి వేరే పేరు పెడితే ఐదు నిమిషాల్లో కలిసింది. ఒకసారి కలిశాక లాప్‌టాప్ 5 మీద, ప్రింటర్ 2.4 మీద ఉన్నా ఫర్వాలేదు. రౌటర్ ఒకటే, నెట్‌వర్క్ ఒకటే అయితే చాలు. రెండూ ఒకే బ్యాండ్‌లో ఉండి తీరాలి అని చాలామంది అనుకుంటారు, నేనూ అనుకునేదాన్ని. అలాగే పాస్‌వర్డ్ మార్చాక ప్రింటర్‌కి చెప్పడం మర్చిపోవడం, రౌటర్‌లో సెక్యూరిటీ డబ్ల్యూపీఏ3 మాత్రమే అని పెట్టేస్తే పాత ప్రింటర్‌కి ఆ భాష రాకపోవడం. ఇవన్నీ రెండో లింకు జబ్బులే. మన హాస్టల్ వైఫైకి ప్రింటర్ ఎందుకు కలవదో కూడా ఇక్కడే చెప్పేస్తా: మనం బ్రౌజర్‌లో రోల్ నంబర్ కొట్టి లాగిన్ అవుతాం, ప్రింటర్‌కి బ్రౌజర్ తెరవడం ఎవరు నేర్పుతారు?

మూడో లింకు దగ్గరే నేను బోల్తా పడ్డాను.

లాప్‌టాప్ నుంచి ప్రింటర్ చేరుతోందా అని చూడ్డానికి అందరికీ తెలిసిన పరికరం పింగ్. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పింగ్ అని కొట్టి పక్కన అడ్రస్ ఇస్తే, ఆ అడ్రస్‌కి ఒక చిన్న పలకరింపు వెళ్తుంది. అవతల ఎవరైనా ఉంటే జవాబొస్తుంది. 1983 డిసెంబరులో మైక్ మ్యూస్ అనే అమెరికన్ ప్రోగ్రామర్ రాశాడు దీన్ని. జలాంతర్గాముల్లో సోనార్ చేసే శబ్దం పేరే పెట్టాడు. ఇప్పటికీ మనం తిండి తిన్నావా అన్నట్టు వాడుతూనే ఉన్నాం. నేను 192.168.1.5కి ఆగకుండా పింగ్ పెట్టాను. జవాబు వచ్చింది, రెండు మూడు మిల్లీసెకన్లలో, ఒక్కటి కూడా తప్పిపోకుండా. ప్రింటర్ బాగుంది, వైఫై బాగుంది, దారి బాగుంది. మరి ప్రింట్ ఎందుకు రాదు? అయితే తప్పు నాలుగో లింకులోనే, లాప్‌టాప్ లోపలే అని తేల్చేసుకుని స్పూలర్ సర్వీస్‌ని ఆపి మళ్లీ మొదలుపెట్టాను. ఏమీ లేదు. పన్నెండు కావస్తోంది. పింగ్ కిటికీ పక్కన తెరిచే ఉంది, జవాబులు వస్తూనే ఉన్నాయి.

హాల్లో నాన్న మ్యాచ్ చూడ్డం అయిపోయి టీవీ కట్టేశారు. మా ఇంట్లో రిమోట్‌తో ఆపితే ఆపినట్టు కాదు, గోడ మీద స్విచ్ కూడా తియ్యాలి. తీశారు. అదే క్షణంలో నా పింగ్ కిటికీలో జవాబులు ఆగిపోయాయి. రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్. మళ్లీ రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్.

ప్రింటర్ వైపు చూశాను. లైటు నిలకడగా వెలుగుతూనే ఉంది.

"నాన్నా, టీవీ ఒకసారి మళ్లీ వెయ్యండి." వేశారు. టీవీ తెర మీద బొమ్మ వచ్చిన కాసేపటికి పింగ్‌కి జవాబు వచ్చింది. "ఆపండి." ఆగిపోయింది. "వెయ్యండి." నాన్న నన్నూ టీవీనీ మార్చి మార్చి చూసి, "ప్రింటర్ బాగుచేస్తున్నావా, దీన్ని పాడుచేస్తున్నావా?" అన్నారు.

గంట నుంచి నేను పలకరిస్తున్నది ప్రింటర్‌ని కాదు, టీవీని.

ఇది ఎలా జరిగిందో అర్థం కావాలంటే ఆర్టీసీ బస్సు ఎక్కాలి. ఇంట్లో రౌటర్ కండక్టర్ అనుకోండి, 192.168.1 అనేది బస్సు నంబరు, చివరి అంకె సీటు నంబరు. ఫోన్, లాప్‌టాప్, టీవీ, ప్రింటర్, ఎవరెక్కినా కండక్టర్ ఖాళీగా ఉన్న ఒక సీటు చూపిస్తాడు. ఈ పద్ధతి పేరే డీహెచ్‌సీపీ. సీటు శాశ్వతం కాదు, అద్దె. మా రౌటర్‌లో అద్దె 24 గంటలు. సగం టైం అవ్వగానే ఎక్కినవాళ్లు "నేను ఇంకా ఉన్నాను" అని పొడిగించుకుంటారు, అందుకని మామూలు రోజుల్లో ఎవరి సీటు వాళ్లకే ఉంటుంది. జూలైలో ప్రింటర్‌కి ఐదో సీటు వచ్చింది. నేను లాప్‌టాప్‌కి ఏం చెప్పాను? "ప్రింటర్ గారికి ఇవ్వు" అని చెప్పలేదు. "ఐదో సీటులో కూర్చున్నవాళ్లకి ఇవ్వు" అని చెప్పాను. రెండు నిమిషాల పని.

ఇప్పుడు కరెంటు పోయింది. బస్సు టిఫిన్‌కి ఆగినట్టే, అందరూ దిగిపోయారు. మా రౌటర్ లాంటి వాటికి ఎవరికి ఏ సీటు ఇచ్చామన్న జాబితా కరెంటుతో పాటే చెరిగిపోతుంది. కరెంటు వచ్చాక ఎవరు ముందెక్కితే వాళ్లకి సీటు. కొన్ని పరికరాలు "ఇందాక నాది ఐదో సీటండీ" అని గుర్తుపెట్టుకుని అడుగుతాయి, కొన్ని పాపం ఏమీ అడగవు, ఇచ్చింది తీసుకుంటాయి. మా ప్రింటర్ రెండో రకం. పైగా అది మేలుకునేటప్పుడు ముందూ వెనకా కదిలి, హెడ్ తుడుచుకుని, తీరిగ్గా బస్సెక్కుతుంది. ఆగస్టులో ఐదో సీటు ఒకసారి నాన్న ఫోన్‌కి, ఒకసారి మళ్లీ ప్రింటర్‌కి దక్కి ఉంటుంది. అందుకే రీస్టార్ట్ చేస్తే ఒక్కోసారి పనిచేసింది. అది వైద్యం కాదు, లాటరీ. చవితికి కొత్త టీవీ కొన్నారు. ఆ తర్వాత కరెంటు పోయి వచ్చిన మొదటిసారి ఐదో సీటులో టీవీ కూర్చుంది. దానికి జ్ఞాపకశక్తి ఎక్కువ, ఎన్నిసార్లు దింపినా అదే సీటు అడిగి తీసుకుంది. ఇక అమ్మ ప్రింటర్‌ని ఒక్కదాన్నే వందసార్లు ఆపి వేసినా ఏం లాభం?

అమ్మ ట్యూషన్ హాజరు పుస్తకం తెచ్చింది. కరెంటు లేక పిల్లల్ని తొందరగా పంపేసిన రోజుల్లో అంచున "కరెంటు లేదు" అని రాసుకుంటుంది. క్యూలో ఇరుక్కున్న మొదటి పత్రం తేదీ చూశాం. ఆ రోజు గడిలో ఆ రెండు మాటలూ ఉన్నాయి.

నాకు ఇంకో సంగతి చెప్పుకోక తప్పదు. డీహెచ్‌సీపీ నాకు తెలియనిది కాదు. మొన్న కంప్యూటర్ నెట్‌వర్క్స్ మిడ్ పరీక్షలో డిస్కవర్, ఆఫర్, రిక్వెస్ట్, అక్నాలెడ్జ్ అని నాలుగు బాణాలు గీసి ఐదుకి ఐదు తెచ్చుకున్నాను. ఆ బాణాలు మా హాల్లో, మా టీవీకీ ప్రింటర్‌కీ మధ్య తిరుగుతున్నాయని మాత్రం తట్టలేదు.

సరే, అనుమానం వచ్చింది, రుజువు కావాలి. జవాబిచ్చింది ఎవరో ఎలా తెలుస్తుంది? సీటు నంబరు మారుతుంది, పుట్టుమచ్చ మారదు. మన టెన్త్ సర్టిఫికెట్‌లో పుట్టుమచ్చలు రాసినట్టే, నెట్‌వర్క్‌లో ప్రతి పరికరానికీ మ్యాక్ అడ్రస్ అని ఒకటుంటుంది, రెండేసి చొప్పున ఆరు జతల అక్షరాలు, అంకెలు. (ఈమధ్య ఫోన్లు ప్రైవసీ కోసం దాన్ని కూడా మార్చుకుంటున్నాయి. ప్రింటర్లకి ఇంకా ఆ తెలివి రాలేదు, మన మంచికే.) పింగ్ చేసిన వెంటనే కమాండ్ ప్రాంప్ట్‌లో ఏఆర్‌పీ అని కొట్టి, ఒక స్పేస్, ఒక హైఫన్, ఏ అక్షరం కొడితే, ఏ సీటులో ఏ పుట్టుమచ్చ ఉందో జాబితా వస్తుంది. ఇటు ప్రింటర్‌ని దాని నెట్‌వర్క్ వివరాల పేజీ ప్రింట్ చెయ్యమన్నాను. మాదాంట్లో ఒక బటన్ నొక్కిపడితే వస్తుంది. మీ మోడల్‌లో ఏ బటనో దాని పుస్తకంలో ఉంటుంది, ఈ ఒక్క పేజీ తీయడం తెలిస్తే సగం పని అయిపోయినట్టే. ఆ పేజీలో ప్రింటర్ తన గురించి తనే చెప్పింది: నా వైఫై పేరు ఇది, సిగ్నల్ బాగుంది, నా అడ్రస్ 192.168.1.3, నా మ్యాక్ చివర 1ఈ. లాప్‌టాప్ జాబితాలో ఐదో అడ్రస్ మ్యాక్ చివర 7బీ. టీవీ సెట్టింగ్స్‌లోకి వెళ్లి చూస్తే అదే 7బీ.

ప్రింటర్ మూడో సీటులో కూర్చుని మూడు వారాలుగా ఎదురుచూస్తోంది. లాప్‌టాప్ టీవీని "నువ్వు ప్రింటర్‌వేనా?" అని అడుగుతోంది, టీవీకి ఆ ప్రశ్నే అర్థం కాదు, కాబట్టి లాప్‌టాప్ "ఆఫ్‌లైన్" అని రాసేస్తోంది. అబద్ధం కూడా కాదు, తను అడిగిన చోట ప్రింటర్ లేదు మరి.

మరి తమ్ముడి ఫోన్ నుంచి ఫొటో ఎలా వచ్చింది? ఫోన్ సీటు నంబరు గుర్తుపెట్టుకోదు. ప్రింట్ నొక్కిన ప్రతిసారీ "ఈ బస్సులో ప్రింటర్లు ఎవరండీ?" అని అందరికీ వినపడేలా కేకేస్తుంది. ఎమ్‌డీఎన్‌ఎస్ అంటారు, ఆ కేక వెళ్లే అడ్రస్ 224.0.0.251. ప్రింటర్ ఎక్కడ కూర్చున్నా చెయ్యెత్తుతుంది. హైదరాబాద్‌లో మా పిన్ని వాళ్లింట్లో ఫోన్‌కే ప్రింటర్ కనపడలేదంటే, దానికి కారణం వేరు. ఆమె ఫోన్ గెస్ట్ వైఫైలో ఉంది. చుట్టాల ఫోన్లు ఇంట్లో సామాన్లని చూడకూడదని గెస్ట్ నెట్‌వర్క్‌ని విడిగా కట్టేస్తారు కాబట్టి కేక గోడ దాటదు. ఇంటర్నెట్ మాత్రం బ్రహ్మాండంగా వస్తుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు. మామూలు వైఫైకి మారమని చెప్పాను, సరిపోయింది.

అమ్మ చెప్పిన రెండు మాటలూ, కరెంటు మాటా ఫోన్ మాటా, కలిపి చూస్తే ఫోన్లోనే తేలిపోవాల్సిన సంగతి ఇది. కరెంటుతో మొదలవుతుందంటే సీటు మారింది. ఫోన్ నుంచి వస్తోందంటే ప్రింటరూ వైఫై బాగున్నాయి, లాప్‌టాప్ తప్పు సీటుని అడుగుతోంది. ఆమె రోగ లక్షణాలన్నీ వరసగా చెప్పింది. డాక్టరు వినలేదు.

ఇక మందు. ప్రింటర్ లోపలే అడ్రస్ గట్టిగా రాసెయ్యొచ్చు, దాన్ని స్టాటిక్ అంటారు. కానీ కండక్టర్‌కి చెప్పకుండా సీటులో కూర్చున్నట్టే అది, ఆయన అదే సీటు ఇంకొకరికి అమ్మితే ఇద్దరూ కొట్టుకుంటారు. నాకు నచ్చింది రెండో దారి, బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వెయ్యడం. రౌటర్ సెట్టింగ్స్ పేజీలో డీహెచ్‌సీపీ దగ్గర అడ్రస్ రిజర్వేషన్ అని ఉంటుంది. ప్రింటర్ పుట్టుమచ్చ అక్కడ రాసి, ఈ మచ్చ ఉన్నవాళ్లు ఎప్పుడొచ్చినా 50వ సీటే ఇవ్వు అని చెప్పాలి. 50 ఎందుకంటే మా ఇంట్లో అన్ని పరికరాలు లేవు, మొదటి పదిలోనే తోపులాట అంతా. ఇది రౌటర్‌లో సేవ్ అవుతుంది కాబట్టి కరెంటు పోయినా చెరగదు. రౌటర్ మారిస్తే మాత్రం మళ్లీ వెయ్యాలి కర్చీఫ్.

తర్వాత లాప్‌టాప్‌కి కొత్త సీటు చెప్పాలి. ప్రింటర్ పేరు మీద "ప్రింటర్ ప్రాపర్టీస్" అని ఉంటుంది, అందులో పోర్ట్స్. (దాని పక్కనే ఉత్త "ప్రాపర్టీస్" అని ఇంకోటి ఉండొచ్చు, అది కాదు. ఇలా పేర్లు పెట్టినవాళ్ల మీద నాకు కోపం ఉంది.) పోర్ట్స్‌లో యాడ్ పోర్ట్ నొక్కి, స్టాండర్డ్ టీసీపీ ఐపీ పోర్ట్ ఎంచుకుని, 192.168.1.50 ఇచ్చాను.

ఓకే నొక్కబోతుంటే గుర్తొచ్చింది, క్యూలో 31 పత్రాలు! దారి దొరకగానే అన్నీ ఒకదాని వెనక ఒకటి దూకుతాయి. ముందు క్యూని పాజ్ చేశాను. "అన్నీ తీసెయ్యనా?" అని అడిగితే అమ్మ కళ్లజోడు పెట్టుకుని జాబితా అంతా చదివింది. "తీసెయ్, ఆ పరీక్షలన్నీ అయిపోయాయి" అంది. తర్వాత, "ఆగు, ఎనిమిదో తరగతి వర్గమూలాలది ఒకటి ఉంచు. అది ఇంకా రాయలేదు, చెయ్యి నొప్పిగా ఉందని వాయిదా వేశా" అంది. మిగిలిన 30 పత్రాల్ని ఒకేసారి సెలెక్ట్ చేసి డిలీట్ కొట్టొచ్చు. నేను ఒక్కొక్కటే తీశాను, పేరు చదువుకుంటూ. పావుగంట పట్టింది. తర్వాత ప్రింటర్‌ని ఆపి వేసి, 50 వచ్చిందని దాని పేజీలోనే చూసుకుని, పాజ్ తీశాను.

వర్గమూలాలు వచ్చాయి. అమ్మ చదివి, నాలుగో ప్రశ్నలో తప్పు పట్టింది.

ఇక్కడితో అయిపోలేదు. జూలైలో నేను చేసిన తప్పు ఇదే, ఒక పేజీ రాగానే లేచి వెళ్లిపోవడం. పొద్దున లేచి మెయిన్ స్విచ్ దించాను. ఐదు నిమిషాలాగి ఎత్తాను. టీవీ ముందెక్కిందా, ఫోన్లు ముందెక్కాయా అని చూడకుండా అన్నీ లేచేదాకా ఆగి ప్రింట్ ఇచ్చాను. వచ్చింది. ఇలా మూడుసార్లు చేశాను. మూడోసారికి నాన్న గడ్డం సగం గీసుకుని బాత్రూంలోంచి అరిచారు, గీజర్ కూడా అదే స్విచ్ మీద ఉందని నాకు తట్టలేదు.

అమ్మ ఒక చీటీ రాసి ప్రింటర్ మీద సెల్లోటేప్‌తో అంటించింది. ప్రింటర్: 50. రౌటర్ మార్చితే మళ్లీ చెప్పాలి. కింద చిన్నగా, కాపీ వస్తుందా? లైటు నిలకడగా ఉందా? ఫోన్ నుంచి వస్తుందా? కరెంటు పోయిందా? నా నోట్‌బుక్‌లో రెండు పేజీలు పట్టిన దాన్ని ఆమె నాలుగు ప్రశ్నలు చేసింది. ఒక్కో ప్రశ్నకి ఒక మార్కు కూడా వేసింది, అలవాటు కొద్దీ.

పోయిన శుక్రవారం రాత్రి ఫోన్ వచ్చింది. సాయంత్రం రెండు గంటలు కరెంటు లేదట, పేపర్లు మాత్రం మూడూ వచ్చాయట. "ఇంకోటి ఉందే. స్కాన్ చేస్తే లాప్‌టాప్‌లోకి రావట్లేదు" అంది. ఆ మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను. "ఎప్పట్నుంచమ్మా? దానికి ముందు ఏమైంది?" అని అడిగాను.

"ఆగు, పుస్తకం తెస్తా" అంది.